"నేను నల్లగున్ననా?" అని పిల్ల అడిగిందంటే, అప్పటికే ఏం జరిగినట్టు?

మా అక్క కూతురుకు ఆరేళ్లు. పోయినేడు జూన్‌లో బడిలో వేయడానికి పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు కావాలంటే హనుమకొండలో ఒక స్టూడియోకు తీసుకుపోయాను. ఫొటో తీసినాయన కంప్యూటర్‌లో పిల్ల ముఖం పెద్దది చేసి, రోజూ చేసే పనే కదా అన్నట్టు "జర తెల్లగ చేస్త సార్" అంటూ మౌస్ కదిపాడు. పిల్ల నా పక్కనే స్టూలెక్కి నిలబడి చూస్తోంది. తెర మీద తన ముఖం రంగు మారిపోతుంటే కాసేపు నోరు తెరుచుకుని చూసింది, తర్వాత నా వైపు తిరిగి అడిగింది: "మామా, నేను నల్లగున్ననా?"

"లేదు బిడ్డా, నువ్వు తెల్లగనే ఉన్నవ్" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఆ పిల్ల నల్లగానే ఉంటుంది, అచ్చం మా అమ్మలాగా. కాబట్టి నేను చెప్పింది అబద్ధం. కానీ ఇంటికొచ్చాక నన్ను తొలిచింది అబద్ధం ఆడినందుకు కాదు. నలుపు అంటే వెంటనే "లేదు, లేదు" అని కొట్టిపారేయాల్సిన నింద అని ఆ పిల్లకు మొదట చెప్పింది నేనేనేమో అని.

ఈ సంగతి పెద్దల వార్తల్లోకీ వస్తూనే ఉంది. 2024 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లో పదో తరగతిలో రాష్ట్రం మొత్తానికి ఫస్ట్ వచ్చిన అమ్మాయి ఫొటో బయటికి రాగానే, మార్కులు వదిలేసి మూతి మీది నూగు వెంట్రుకల మీద వేలమంది కామెంట్లు రాశారు. 2025 మార్చిలో అప్పటి కేరళ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి శారదా మురళీధరన్ తన రంగు మీద వచ్చిన ఒక వ్యాఖ్య గురించి ఫేస్‌బుక్‌లో రాస్తూ, నాలుగేళ్ల వయసులో తన తల్లిని ఒక కోరిక కోరానని గుర్తు చేసుకున్నారు: నన్ను మళ్లీ కడుపులో పెట్టుకుని తెల్లగా, అందంగా కనగలవా అని. ఒక రాష్ట్రంలో అధికారులందరికీ పైన కూర్చున్న మనిషికి కూడా యాభై ఏళ్ల కిందటి ఆ కోరిక మర్చిపోవడం చేతకాలేదంటే, అది ఎంత లోతుకు దిగి ఉంటుందో చూడండి.

## అద్దంలో ఉన్నది వేరు, మనసులో ఉన్న బొమ్మ వేరు

ముందు కొన్ని మాటలు విడదీసుకోవాలి, ఎందుకంటే వీటన్నిటినీ కలిపి "కాన్ఫిడెన్స్ లేదు" అని ఒక్క మాటతో తేల్చేస్తుంటాం.

బాడీ ఇమేజ్ అంటే మన ఒంటి గురించి మన మనసులో ఉన్న బొమ్మ. ఇద్దరు అన్నదమ్ములనుకోండి, ఇద్దరికీ ముందు పండ్లు ఎత్తే. పెద్దోడు నవ్వొచ్చినప్పుడల్లా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు, గ్రూప్ ఫొటో అంటే వెనక వరుసకు పోతాడు. చిన్నోడు అవే పండ్లతో ఇరవై నాలుగు గంటలూ ఇకిలిస్తూ తిరుగుతాడు. పండ్లు ఒకటే, బొమ్మలు రెండు. "నా పండ్లు ఎత్తు" అనేది ఉన్న సంగతి. అక్కడి నుంచి "అందుకే నేను అందరికంటే తక్కువ" అనే దాకా జారితే దాన్ని ఆత్మన్యూనత అంటాం. మొదటి దాంట్లో బాధ ఉండాల్సిన పని లేదు, రెండో దాంట్లో అది తప్పకుండా ఉంటుంది.

ఆత్మగౌరవం, స్వీయ అంగీకారం అనే రెండు మాటలకు కూడా తేడా ఉంది. అమెరికన్ మానసిక నిపుణుడు ఆల్బర్ట్ ఎల్లిస్ ఈ తేడాను చాలా గట్టిగా పట్టుకుని చెప్పేవాడు. మామూలుగా మనం ఆత్మగౌరవం అనుకునేది మనకు మనం వేసుకునే మార్కులు. పాట బాగా పాడితే పెరుగుతాయి, ఎవరో వెక్కిరిస్తే తగ్గుతాయి. స్వీయ అంగీకారం అంటే మనిషి మొత్తానికి కలిపి మార్కు వేసే పనే మానేయడం. పరీక్షలో ఎన్ని మార్కులొచ్చాయో చూసుకోవచ్చు, కానీ మొత్తం మీద "ఈ మనిషి ఎన్ని మార్కుల మనిషి" అని లెక్క కట్టకూడదు. వినడానికి సులువుగా ఉంది కానీ, మన దగ్గర పిల్లలు పొద్దున లేచింది మొదలు ఏదో ఒక ర్యాంకులోనే బతుకుతారు కాబట్టి ఇది వాళ్లకు అర్థం కావడం కష్టమే.

ఇక బాడీ షేమింగ్. మాట కొత్తది, పని పాతది. కర్రోడు, బక్కోడు, బొండం, సోడాబుడ్డి, పొట్టిది. మన వాడల్లో అసలు పేరు కన్నా ఈ పేర్లే ఎక్కువ నడిచిన మనుషులు ఎంతమందో.

## పుట్టిన మర్నాడే చెవులు చూస్తాం

బాలింతను చూడడానికి వచ్చే పెద్దవాళ్లను గమనించారా? పిల్లను ఒళ్లోకి తీసుకుని, గుడ్డ పక్కకు జరిపి, చెవుల అంచులు చూస్తారు. "ఇప్పుడు ఎర్రగున్నదిగనీ, చెవులు చూడు, ఈ రంగుకే వస్తది" అంటారు. దాంట్లో కొంత అనుభవం ఉందన్న మాట నిజమే, పుట్టినప్పటి రంగు కొన్ని నెలల్లో మారి ముదురుతుంది. కానీ ఆ చూపులో ఉన్న ఆత్రం సంగతేంటి? కళ్లు తెరవని పసిగుడ్డు మీద మొదటి తీర్పు రంగు మీదే వస్తోంది. ఆ తర్వాత తానం పోసేటప్పుడు ముక్కు ఒత్తుతారు, నలుగు పెడతారు, కడుపుతో ఉన్నప్పుడు తాగిన కుంకుమపువ్వు పాలు పని చేసినాయా లేదా అని చర్చ నడుస్తుంది (కుంకుమపువ్వుకూ పిల్ల రంగుకూ సంబంధం లేదు).

పిల్లకు మాత్రం ఇవేవీ తెలియవు. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య అద్దంలో ఉన్నది తానేనని పిల్లలు గుర్తుపడతారు. ముక్కు మీద చిన్న చుక్క పెట్టి అద్దం ముందు నిలబెడితే, అద్దాన్ని కాకుండా తన ముక్కునే తడుముకుంటే గుర్తుపట్టినట్టు. ఆ వయసులో అద్దం అంటే ఆటే. మూడేళ్లకు, నాలుగేళ్లకు చుట్టూ ఉన్నవాళ్ల మాటలు ఆ అద్దంలోకి ఎక్కడం మొదలవుతుంది. 1940లలో అమెరికాలో కెనెత్ క్లార్క్, మామీ క్లార్క్ దంపతులు నల్లజాతి పిల్లల ముందు రెండు రంగుల బొమ్మలు పెట్టారు, రంగు తప్ప అన్నీ ఒకటే. మంచి బొమ్మ ఏదంటే ఎక్కువమంది తెల్లబొమ్మను చూపించారు. మూడు నుంచి ఏడేళ్ల పిల్లలు వాళ్లు. ఆ పని 1954లో అమెరికా సుప్రీంకోర్టు బడుల్లో జాతి విభజన చెల్లదని చెప్పిన తీర్పు దాకా పోయింది. ఆ ప్రయోగం చేసిన తీరు మీద తర్వాత విమర్శలు వచ్చాయి, రెండు రంగుల బొమ్మలతో మనసు లోపలి సంగతి అంత తేల్చగలమా అని. కానీ అంత చిన్న పిల్లలకు ఏ రంగుకు విలువ ఎక్కువో తెలిసిపోయిందన్నది మాత్రం కాదనడం కష్టమే.

ఏడెనిమిదేళ్లకు పోల్చుకోవడం మొదలవుతుంది. మనల్ని మనం కొలుచుకోవడానికి పక్కవాడినే కొలబద్దగా వాడతామని లియాన్ ఫెస్టింజర్ 1954లో రాశాడు. బడిలో ప్రార్థనకు ఎత్తు ప్రకారం నిలబెట్టే వరుస చాలు దీనికి. రోజూ పొద్దున అందరికంటే ముందు నిలబడే పిల్లవాడికి తాను పొట్టి అని ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"కాకిపిల్ల కాకికి ముద్దు" అంటాం. ప్రేమగా అన్నట్టే ఉంటుంది గానీ, అది కాకేనని కూడా అందులోనే చెప్పేస్తున్నాం. పిల్లలు ఆ రెండో సగాన్ని ముందు వింటారు.

## రంగు: చర్మంలో జరిగేది, బజారులో జరిగేది

చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారుచేసే కణాలు ఉంటాయి. ఈ కణాల సంఖ్య నల్లవాళ్లలో, తెల్లవాళ్లలో దాదాపు సమానం. తేడా అంతా అవి ఎంత మెలనిన్ చేస్తాయి, ఏ రకం చేస్తాయి, ఎలా పంచుతాయి అన్న దగ్గరే. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడే గొడుగు అది. మన రామగుండం ఎండల్లో ఆ గొడుగు గట్టిగా ఉండటం ఒంటికి మేలే చేస్తుంది. హైదరాబాద్‌లో జీవకణాల మీద పరిశోధన చేసే సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న 2013 నాటి ఒక పరిశోధనలో, ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా వాళ్లు పరీక్షించినవాళ్లలో రంగు తేడాకు దాదాపు నాలుగో వంతు కారణమని తేలింది. మిగతాది ఇంకా ఎన్నో జన్యువుల పని, ఎండ పని. ఒకే తల్లిదండ్రులకు ఒక పిల్ల ఎర్రగా, ఒక పిల్ల నల్లగా పుట్టడంలో వింతేమీ లేదు, ఎవరి తప్పూ లేదు.

బజారు సంగతి వేరు. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. 2020లో పేరులో ఫెయిర్ తీసేసి గ్లో పెట్టారు. నల్లగా ఉన్నవాళ్లను తక్కువవాళ్లుగా చూపే ప్రకటనలు ఉండకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లోనే నియమం పెట్టింది. మాటలు మారాయి, కోరిక మారలేదు. ఎక్కువ భయం వేసేది ఈ పెద్ద పేర్ల క్రీముల కన్నా మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా దొరికే స్టెరాయిడ్ క్రీములతో. వారం పూస్తే ముఖం తెల్లబడినట్టే ఉంటుంది. నెలల తరబడి పూస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి, ఆపితే మంట పుడుతుంది కాబట్టి ఆపలేరు. 2018లో కేంద్రం ఇలాంటి క్రీములు చాలావాటిని డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి తెచ్చింది. పాదరసం కలిపిన క్రీములు ఇంకో ప్రమాదం. కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో అలాంటి క్రీములు వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు రావడం డాక్టర్లు గుర్తించారు.

మా బడి నుంచి ఒకసారి రామప్పకు తీసుకుపోయారు. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఇప్పుడైతే ఇంకా జనం. చూరు కింద నిలువుగా, సన్నగా, నిగనిగలాడే నల్లరాతి మదనికలు. మా టీచర్ "ఎంత అందం, ఎంత అందం" అని మురిసిపోతూ ఒక్కో బొమ్మ చూపించింది. తిరుగు ప్రయాణంలో బస్సులో మా క్లాసు అమ్మాయిని ఒకడు "కర్రె మదనిక" అని పిలిచాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి కిటికీ వైపు తిరిగి ములుగు వచ్చేదాకా మళ్లీ ఇటు చూడలేదు. ఇప్పుడు క్షమాపణ చెప్పుకుందామన్నా ఎక్కడుందో తెలియదు.

## బెల్లం తరాజు మీద ఒక పిల్లవాడు

బరువు గురించి చెప్పాలంటే నా దగ్గర ఒక సొంత ముచ్చట ఉంది.

సమ్మక్క-సారలమ్మలకు మొక్కుకున్నవాళ్లు మనిషి బరువంత బెల్లం ఇస్తారు. నిలువెత్తు బంగారం అంటారు దాన్ని, మేడారంలో బెల్లమే బంగారం. జాతరకు పోయే ముందు ఊళ్లోనే తూకం వేయించుకుని బయల్దేరేవాళ్లూ చాలామందే. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంట్లో నా పేరున మొక్కు తీర్చారు. కిరాణా కొట్టు ముందు పెద్ద తరాజు కట్టారు. ఒక పళ్లెంలో నేను, రెండో దాంట్లో బెల్లం. చుట్టూ వాడంతా. ఒక్కో బుట్ట పెడుతున్నారు, నా పళ్లెం కిందనే ఉంది. "ఇంకో బుట్ట పట్టుకరాండ్రి, వీడు లేస్తలేడు" అన్నాడు మా బాబాయి. అందరూ గొల్లుమన్నారు. నేను గొలుసులు పట్టుకుని, కాళ్లు ముడుచుకుని, ఎట్లయినా బరువు తగ్గాలని ఊపిరి బిగబట్టాను. బెల్లం మీద ముసిరిన ఈగలు నా మోచేతుల మీద వాలుతుంటే తోలుకోవడానికి కూడా కదల్లేదు, కదిలితే మళ్లీ ఏమంటారోనని.

ఆ సందట్లో మా నాయనమ్మ ఒక మాట అంది. "నవ్వకుండ్రి. వాడు బతికి గింత బరువైండనే గదరా ఈ మొక్కు." రెండేళ్ల వయసులో నాకు కామెర్లు ముదిరి ఆశ వదులుకున్నారట, అప్పటి మొక్కు అది. అంటే ఆ తరాజు మీద నా ప్రతి కిలో వాళ్ల సంతోషమే. కానీ ఆ రోజు నాకు వినబడింది నవ్వు ఒక్కటే, నాయనమ్మ మాట అర్థం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. మనసు మంచి మాట కన్నా చేదు మాటనే గట్టిగా పట్టుకుంటుంది, పిల్లల మనసు మరీను. అందుకే "వంద సార్లు మెచ్చుకున్నాం కదా, ఒక్కసారి వెక్కిరిస్తే ఏమైంది" అనే లెక్క ఇక్కడ కుదరదు.

ఆ వయసు ఒళ్లు గురించి ఎవరైనా నాకు కాస్త చెప్పి ఉంటే బాగుండేది. చాలామంది పిల్లలు ఎత్తు సాగే ముందు కొంచెం ఒళ్లు చేస్తారు. ఆడపిల్లలు ఎక్కువ వేగంగా పెరిగేది పదకొండు, పన్నెండేళ్ల దగ్గర, మగపిల్లలు పదమూడు, పద్నాలుగు దగ్గర. అందుకే ఏడో తరగతిలో అమ్మాయిలు పొడుగ్గా కనిపిస్తారు. అందులో పొడుగు అమ్మాయి వంగి నడుస్తుంది, పొట్టి అబ్బాయి పుల్‌అప్స్ తీస్తుంటాడు. రెండేళ్లు ఆగితే తీరే తేడా చాలాసార్లు.

చివరికి ఎంత ఎత్తు వస్తారన్నదానికి డాక్టర్లు వాడే ఒక మోటు లెక్క ఉంది. తల్లి ఎత్తు, తండ్రి ఎత్తు కలిపి, మగపిల్లవాడైతే 13 సెంటీమీటర్లు కలపాలి, ఆడపిల్లయితే 13 తీసేయాలి, వచ్చినదాన్ని రెండుతో భాగించాలి. నాయిన 165, అమ్మ 152 అనుకుందాం. కొడుకుకు 165+152+13, అంటే 330, సగం 165. బిడ్డకు 304, సగం 152. దీనికి అటూ ఇటూ ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు తేడా రావచ్చు. ఈ ఇంటి పిల్లవాడు ఆరడుగులు కావాలని పొడి డబ్బాలు కొనడం, వేలాడదీయడం ఎంతవరకు సబబో లెక్కే చెబుతుంది.

లావు అనేది తిట్టా, మెప్పా అన్నది కూడా ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. మా పెద్దమ్మలకు "చిక్కిపోయినవ్ బిడ్డా" అనేది బాధ, "మంచిగైనవ్" అనేది మెప్పు. ఫిజీ దీవుల్లోనూ నిండుగా ఉన్న ఒళ్లునే మెచ్చుకునేవాళ్లు. 1995లో అక్కడ ఒక ప్రాంతానికి టీవీ వచ్చింది. మూడేళ్ల తర్వాత ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు చూస్తే, బరువు తగ్గడానికి తిన్నది కక్కేసుకునే అలవాటు అంతకుముందు లేని బడి అమ్మాయిల్లో కనిపించింది. ఒళ్లు మారలేదు, కొలత మారింది.

## నలుగురూ నన్నే చూస్తున్నారన్న లెక్క

ముక్కు మీద మొటిమ వచ్చిన తొమ్మిదో తరగతి అబ్బాయికి ఆ రోజు బడి మొత్తం ఆ మొటిమనే చూస్తున్నట్టు ఉంటుంది. డేవిడ్ ఎల్కిండ్ 1967లో దీనికి "ఊహా ప్రేక్షకులు" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. నలుగురు ఏమనుకుంటారో అని మనం పెద్దయ్యాక కూడా వాడే ఆ "నలుగురు" అన్నమాట.

దీన్ని కొలిచినవాళ్లు ఉన్నారు. 2000లో అచ్చయిన కార్నెల్ విశ్వవిద్యాలయం ప్రయోగంలో, వేసుకుంటే సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీ షర్ట్ వేసి ఒక విద్యార్థిని గదిలోకి పంపారు. ఎంతమంది గమనించి ఉంటారంటే దాదాపు సగం మంది అన్నారు ఆ చొక్కా వేసుకున్నవాళ్లు. నిజానికి గమనించింది నాలుగో వంతు మందే. 1980లో రాబర్ట్ క్లెక్, ఏంజెలో స్ట్రెంటా చేసిన ఇంకో ప్రయోగం నన్ను చాలా రోజులు వెంటాడింది. మేకప్‌తో ముఖం మీద గాటు పెట్టి, అద్దంలో చూపించి, తర్వాత క్రీము రాస్తామన్న నెపంతో వాళ్లకు తెలియకుండా ఆ గాటు తుడిచేశారు. శుభ్రమైన ముఖంతో పోయి ఒక మనిషితో మాట్లాడి వచ్చినవాళ్లు, ఎదుటిమనిషి తమ గాటునే చూశారని, ఇబ్బంది పడ్డారని చెప్పారు. లేని గాటుకు వాళ్లు పడ్డ బాధ మాత్రం ఉన్నదే.

## మరి అందం అసలు లెక్కలోకి రాదా?

వస్తుంది. "ఎవరూ పట్టించుకోరు, అంతా నీ భ్రమ" అని పిల్లలకు చెబితే సగం అబద్ధం చెప్పినట్టే. 1973లో మార్గరెట్ క్లిఫర్డ్, ఎలెయిన్ వాల్‌స్టర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే ప్రోగ్రెస్ కార్డును వేర్వేరు పిల్లల ఫొటోలు అంటించి టీచర్లకు పంపారు. మార్కులు ఒకటే అయినా, ముద్దుగా ఉన్న పిల్లలకు తెలివి ఎక్కువని, పైకొస్తారని టీచర్లు అంచనా వేశారు. మన బళ్లలో వార్షికోత్సవం నాడు ముఖ్య అతిథికి పూలగుచ్ఛం ఇచ్చే పిల్లను ఎట్లా ఎంచుతారో, డ్యాన్సులో ముందు వరుస ఎవరికో, రాధ వేషం ఎవరికో చదువుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. పిల్లలు ఇది చూస్తూనే ఉంటారు. చూసిన సంగతినే మనం కాదంటే, వాళ్లు మన మాట నమ్మడం మానేస్తారు.

కాబట్టి పిల్లవాడి న్యూనతలో రెండు పాళ్లున్నాయి. ఒకటి లోకం నిజంగా చేసే తేడా. రెండోది ఆ తేడాను మనసు పదింతలు చేసి చూడడం. ఏది ఎంతో విడదీయకుండా ఓదారిస్తే ఓదార్పు అతకదు.

ఫోన్ పాత్ర గురించి కూడా ఇదే మాట. 2021లో బయటికి వచ్చిన ఇన్‌స్టాగ్రామ్ సొంత పత్రాల ప్రకారం, ఒంటి గురించి బాధగా ఉన్నప్పుడు ఆ యాప్ ఆ బాధను ఇంకా పెంచిందని టీనేజ్ అమ్మాయిల్లో 32 శాతం మంది చెప్పారు. దీన్ని "ఫోనే చెడగొట్టింది" అని చదివినవాళ్లున్నారు. కంపెనీ వాదన వేరు: వీళ్లు అప్పటికే బాధలో ఉన్న అమ్మాయిలు, అందరికీ వర్తించదు. నాకైతే ఫోన్ కన్నా ముందు ఇల్లు గుర్తొస్తుంది. ఫిల్టర్ చేసే పని స్టూడియో ఆయన ఎప్పటి నుంచో చేస్తున్నాడు, ఆయనకు ఆ పని చెప్పింది మనమే.

## ఒప్పుకోవడం అంటే ఏమిటన్న దగ్గర కుదరని అభిప్రాయాలు

"వెక్కిరిస్తేనే గట్టిపడతారు, మేం పడలేదా" అనే మాట మా తరం ఇళ్లలో చాలా గట్టిగా ఉంది. దీన్ని తీసిపారేయలేం. ఊళ్లో అందరికీ ఒక ఎక్కిరింపు పేరు ఉన్నప్పుడు అది ఒక రకం దగ్గరితనం కూడా, చనువు లేనివాణ్ని ఎవరూ అలా పిలవరు. కానీ తేడా ఎక్కడుందంటే, తిరిగి అనగలిగే చోట అది ఆట. బావామరదళ్లు ఒకరినొకరు అనుకోవడం వేరు, నలభై ఏళ్ల మేనత్త ఎనిమిదేళ్ల పిల్లను నలుగురిలో "దీనికి కట్నం ఎక్కువైతది" అనడం వేరు. ఆ పిల్ల తిరిగి ఏమీ అనలేదు. గట్టిపడ్డామని చెప్పుకునే మనలో ఎంతమంది ఇప్పటికీ ఫొటోలో ఒక పక్కకే తిరిగి నిలబడతామో చూసుకోవాలి.

"ప్రతి ఒళ్లూ అందమైనదే" అనేది ఇంకో వాదన, బాడీ పాజిటివిటీ అంటున్నారు. లావుగా ఉన్నవాళ్ల హక్కుల కోసం 1960లలో అమెరికాలో మొదలైన ఉద్యమం దీనికి మూలం. తలెత్తుకుని నడిచే ధైర్యం దీంతో వచ్చినవాళ్లు ఎందరో. శారదా మురళీధరన్ కూడా నలుపులో అందం చూడడం తన పిల్లల దగ్గరే నేర్చుకున్నానని రాశారు. దీని మీద ఉన్న అభ్యంతరం ఏంటంటే, అందంగా ఉండి తీరాలన్న షరతు ఇందులోనూ అలాగే మిగిలింది, అందం అన్న మాట అర్థాన్ని మాత్రం సాగదీశాం. రోజూ అద్దం ముందు "నేను అందంగా ఉన్నా" అనుకోలేని రోజున ఆ పిల్ల మళ్లీ ఓడినట్టే.

ఆ అభ్యంతరం నుంచే బాడీ న్యూట్రాలిటీ వచ్చింది. ఒళ్లు నచ్చాల్సిన పని లేదు, నచ్చకపోవాల్సిన పని కూడా లేదు, అది ఏం చేస్తుందో చూడు అంటారు వీళ్లు. కాళ్లు లావు, కానీ బతుకమ్మ చుట్టూ తొమ్మిది రోజులు అలసిపోకుండా తిరిగిన కాళ్లు అవి. నా మనసుకు ఇదే దగ్గర. ఒక పదమూడేళ్ల పిల్ల తన ముఖం గురించి ఆలోచిస్తూ రోజుకు రెండు గంటలు పోగొట్టుకుంటోందనుకోండి, ఒప్పుకోలు అంటే ఆ రెండు గంటలు ఆమెకు తిరిగి రావడం అని నేను అనుకుంటాను. ఆ సమయంలో ఆమె తనను తాను అందగత్తె అనుకుంటుందా లేదా అన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు. కానీ పెళ్లిచూపుల్లో రంగు మాటే ముందొచ్చే చోట న్యూట్రల్‌గా ఉండు అని పిల్లకు చెప్పడం, భారమంతా ఆమె నెత్తిన పెట్టడమే అనే విమర్శకు ఈ వాదం దగ్గర సరైన జవాబు లేదు.

## ఒప్పుకోలుతో తీరనివి

ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవాలంటే వైద్యం వద్దని కాదు. "మెల్లకన్ను అదృష్టం" అని మన దగ్గర ఒక నమ్మకం, పిల్లను బాధపెట్టకూడదన్న ప్రేమ కూడా అందులో ఉంది. కానీ మెల్లను చిన్నప్పుడే చూపించకపోతే మెదడు ఆ కంటి చూపును వాడుకోవడం మానేసి, ఆ కన్ను మందగిస్తుంది. ఏడెనిమిదేళ్లు దాటేకొద్దీ సరిచేయడం కష్టమవుతుంది. ఇక్కడ అది అందం సమస్యే కాదు, చూపు సమస్య. బొల్లి దీనికి తలకిందులు: అది అంటుకోదు, ప్రాణం మీదికి తేదు, పిల్లకు ఎక్కువ బాధ పక్కన కూర్చోనివ్వని వాళ్ల వల్లే.

ఇంకొకటి, బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్. ఇతరులకు కనిపించని, లేదా కనిపించీ కనిపించని లోపం గురించి రోజుకు గంటకు పైగా మథనపడటం, పదేపదే అద్దం చూసుకోవడం లేదా అద్దాలే కప్పేయడం, బడి మానేయడం దీని గుర్తులు. నూటికి ఇద్దరి దాకా ఉండే జబ్బు ఇది, ఎక్కువగా టీనేజ్‌లోనే మొదలవుతుంది. ముక్కు సర్జరీ చేయించినా తీరదు, బాధ ఇంకో చోటికి మారుతుంది. "ఏషాలు" అని మనం కొట్టిపారేసే వాటిలో ఇది కూడా ఉండొచ్చు. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఈ ఏడు మళ్లీ ఫొటోలు కావాల్సి వచ్చాయి. అదే స్టూడియో, అదే స్టూలు. ఈసారి నేను ముందే చెప్పాను, ఉన్నది ఉన్నట్టే ఉంచన్నా అని. ఆయన నోరు మూసుకుని కూర్చో అంటే పిల్ల వినలేదు. అంతకు రెండు రోజుల ముందే ముందు పన్ను ఊడింది, మా అమ్మ దాన్ని పిల్ల చేతికిచ్చి పెంకుల మీదికి వేయించి, పెద్దదానివైనవ్ అని బెల్లం పెట్టింది. వాడలో కనబడ్డ ప్రతి ఒక్కరికీ నోరు తెరిచి చూపించుకుంటూ వచ్చింది. ముందు పన్ను లేని ముఖం కన్నా కనిపించే లోపం ఏముంటుంది? కానీ దాన్ని లోపం అని ఆ పిల్లకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

"అన్నా, పన్ను ఊడింది కనవడాలె" అంది ఆయనతో. ఆయన నవ్వి, సరే బిడ్డా అని క్లిక్ నొక్కాడు.